రెండు గొట్టాల స్కూబా మ్యూజియం వస్తువు కాదు

సంపాదకులకు నమస్కారం.

స్కూబా డైవింగ్‌పై మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం సమగ్రంగా ఉంది. అయితే నీటి అడుగున వీపు మీది సిలిండర్ గాలిని నోటికి అందించే పాతకాలపు రెండు గొట్టాల పరికరాన్ని (రెగ్యులేటర్‌ను) ‘మ్యూజియం వస్తువు’ అని ఒక్క మాటతో తీసిపారేయడం సబబు కాదని, మెల్‌బోర్న్ పరిసర సముద్రంలో నేటికీ దానితోనే దిగుతున్న పాఠకుడిగా మనవి చేస్తున్నాను.

1943లో ఫ్రాన్స్‌లో నౌకాదళాధికారి జాక్ కుస్తో, ఇంజనీరు ఎమిల్ గాన్యాన్ దీనిని రూపొందించారు. యుద్ధకాలపు పెట్రోలు కొరతలో కార్లను గ్యాస్‌తో నడపడానికి గాన్యాన్ చేసిన కవాటమే దీనికి మూలం. మార్న్ నదిలో తొలిసారి పరీక్షించినప్పుడు, కుస్తో నిటారుగా ఉంటే గాలి వృథాగా పోయింది, తలకిందులైతే సరిగా అందలేదు. గాలినిచ్చే కవాటమూ ఊపిరి బయటికి పోయే ద్వారమూ వేర్వేరు ఎత్తుల్లో ఉండటంతో వాటిపై నీటి పీడనం మారడమే కారణమని గ్రహించి, రెండింటినీ వీపు మీద ఒకేచోటికి చేర్చారు. వదిలిన ఊపిరిని నోటి నుంచి వీపు దాకా తీసుకెళ్లే రెండో గొట్టం అవసరం అక్కడిదే.

అందులోని ఆనందమూ అక్కడే ఉంది. బుడగలు మెడ వెనుక నుంచి వెళ్లిపోతాయి కాబట్టి కళ్ల ముందు నీరు నిర్మలంగా ఉంటుంది, చెవుల పక్కన బుడగల రొద తగ్గుతుంది. ఫ్లిండర్స్ రేవుకట్ట కింద నాచు నడుమ నాచులాగే ఊగే సీ డ్రాగన్ అనే చేపను చూడటానికి ఇంతకన్నా అనువైన సాధనం నాకు తెలియదు. బోర్లా ఈదుతున్నప్పుడు కవాటం ఊపిరితిత్తులకన్నా పైన ఉంటుంది కనుక గాలి కాస్త బలంగా పీల్చాలి. వెల్లకిలా తిరిగితే అదే గాలి తనంత తాను నోట్లోకి వస్తుంది. తేలడానికి గాలి నింపే జాకెట్ లేని ఆనాటి పద్ధతిలో సీసపు దిమ్మల బరువు ముందే సరిచూసుకుని, లోతులో వెట్‌సూట్ (చలిని ఆపే రబ్బరు దుస్తులు) నొక్కుకుపోయి తేలేగుణం తగ్గినప్పుడు ఊపిరితోనే సర్దుకోవాలి. ఈ శ్రమే నాకు ఇష్టం. నేటి పరికరాల్లా ఒకే గొట్టంతో పనిచేసే ‘పోర్పాయిస్’ను 1952లో టెడ్ ఎల్డ్రెడ్ తయారుచేసింది ఈ మెల్‌బోర్న్‌లోనే కనుక, నా అభిరుచి ఇక్కడివారికి కొంత ద్రోహంగా తోచవచ్చు!

భద్రత విషయంలో మాత్రం నాకు పాతకాలంపై మోజు లేదు. అప్పట్లో గాలి అడుగంటే వేళకు ఊపిరి బిగుసుకునేది. సిలిండర్ పక్కనున్న కడ్డీని కిందికి లాగితే నిల్వ గాలి వచ్చేది. ఆ కడ్డీ దేనికైనా తగిలి ముందే జారిపోయి ఉంటే నిల్వ మిగిలేది కాదు. కనుక సిలిండర్‌లో మిగిలిన గాలిని చూపే ప్రెషర్ గేజ్ లేకుండా దిగడం మూర్ఖత్వమే. విశాఖ రుషికొండలో నేర్చుకునే యువతీయువకులు ముందుగా ఆధునిక పరికరాలతోనే శిక్షణ పూర్తిచేయాలి. ఆ తర్వాత ఎవరికైనా పాత రెగ్యులేటర్ దొరికితే, రబ్బరు పగిలిందని పారేయవద్దు. సిలికాన్‌తో చేసిన కొత్త గొట్టాలు, డయాఫ్రమ్‌లు (కవాటాన్ని కదిపే పలుచని పొరలు) ఇప్పుడు లభిస్తున్నాయి. వాటిని అమర్చి, తెలిసిన మెకానిక్ చేత పరీక్ష చేయించాక లోతులేని నీటిలో దిగి చూడవచ్చు.

ఇట్లు,
ఒక పాఠకుడు, మెల్‌బోర్న్