మన సంఘం వార్షిక నివేదిక 2025–26: లీ సముద్ర రిజర్వ్, మన చేపలు

సభ్యులందరికీ నమస్కారం.

2025 ఏప్రిల్ నుంచి 2026 మార్చి దాకా ఆక్లాండ్‌లో మన సంఘం చేసిన పనుల వివరం ఇది. బతుకమ్మ, దసరా, దీపావళి బాగా జరిగాయి. మార్చి 19న పరాభవ ఉగాదికి అందరం కలిశాం. తెలుగు బడి నడుస్తోంది, చిన్నపిల్లల తరగతికి ఇంకొక టీచర్ కావాలి. జమాఖర్చులు ఆడిటర్ చూశాక విడిగా మెయిల్ చేశాం. వీటి గురించి ఇంతకంటే రాయడం లేదు. ఈ ఏడాది మన సమావేశాల్లో ఎక్కువ వాదన జరిగింది, ఎక్కువ మంది ముందుకొచ్చి పనిచేసింది చేపల విషయంలో. నివేదికలో చోటు కూడా దానికే ఇస్తున్నాం.

మనలో చాలామందికి వారాంతం వస్తే గాలం, ఎర, ఐస్ పెట్టె సర్దుకోవడమే పని. స్నాపర్ పులుసు మన ఇళ్లలో బొమ్మిడాయిల పులుసంత మామూలైపోయింది. ఒక మనిషికి రోజుకు 7 స్నాపర్లు, 30 సెంటీమీటర్ల కంటే చిన్నది తిరిగి నీళ్లలోకి వదిలేయాలి అన్న నియమం మన పిల్లలకు కూడా తెలుసు. అందుకే ఆక్లాండ్‌ను ఆనుకుని ఉన్న సముద్ర భాగం హౌరాకీ గల్ఫ్‌లో సముద్రాన్ని కొన్నిచోట్ల పూర్తిగా మూసేసే చట్టం వస్తోందని తెలియగానే టెన్షన్ మొదలైంది. మూసేస్తే చేపలు నిజంగా పెరుగుతాయా, లేక మనం గాలం వేసే చోటు తగ్గిపోవడమేనా? ఈ ప్రశ్నకు జవాబు వెతకడమే ఈ ఏడాది మన ప్రధాన కార్యక్రమం అయింది.

జవాబు కోసం ఎంతో దూరం పోనక్కర్లేదు. ఆక్లాండ్‌కు ఉత్తరంగా సుమారు 90 కిలోమీటర్లు వెళితే లీ అనే ఊరు. దాని పక్కన, అందరూ గోట్ ఐలాండ్ అని పిలిచే చోట, న్యూజిలాండ్‌లో మొట్టమొదటి సముద్ర రిజర్వ్ ఉంది. మొదట్లో దాని హద్దు దాదాపు 5 కిలోమీటర్ల తీరం, ఒడ్డు నుంచి 800 మీటర్ల లోపలికి. అందులో గాలం వేయకూడదు, వల వేయకూడదు, గవ్వ కూడా ఏరుకోకూడదు. అక్కడ ఆక్లాండ్ విశ్వవిద్యాలయానికి సముద్ర పరిశోధన కేంద్రం ఉంది. ఆ కేంద్రంలో పనిచేసిన బిల్ బాలంటైన్, ఆయన తోటివాళ్లు ఏళ్ల తరబడి పట్టుబట్టారు. 1971లో చట్టం వచ్చింది, 1975లో రిజర్వ్ ప్రకటించారు, 1977లో అధికారికంగా మొదలైంది. అప్పట్లో స్థానికులు చాలామంది ఇష్టపడలేదు. ఇప్పుడు ఏటా లక్షల మంది ఆ చేపల్ని చూడటానికి వస్తున్నారు.

మన కుటుంబాలు వేసవిలో అక్కడికి వెళ్లి స్నార్కెల్ (నీళ్లలో ముఖం పెట్టి ఊపిరి తీసుకునే గొట్టం) వేసుకుని చూశాయి. మోకాలి లోతు నీళ్లలోనే మోచేతి పొడవు స్నాపర్లు దగ్గరకొచ్చి తిరుగుతుంటే, బోటు మీద గంటలు గంటలు కూర్చుని వెతికే మనవాళ్లకు నోట మాట రాలేదు. అయితే చూసి మురిసిపోవడం వేరు, లెక్క తేలడం వేరు. లీతో కలిపి ఈ తీరంలోని మూడు రక్షిత ప్రాంతాలను పరిశీలించి 2003లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, పట్టుకోవడానికి సరిపడే సైజున్న స్నాపర్లు లోపల బయటికంటే 14 రెట్లు ఎక్కువ. గుడ్ల విషయంలో తేడా ఇంకా పెద్దది, సుమారు 18 రెట్లు. కారణం తేలికే. స్నాపర్ అరవై ఏళ్ల దాకా బతకగల చేప. ఒళ్లు పెరిగిన కొద్దీ అది పెట్టే గుడ్లు ఎన్నో రెట్లు పెరుగుతాయి. రిజర్వ్ బయట ఆ వయసు దాకా మనం దాన్ని బతకనివ్వం.

చేపతో పాటు అడుగున నేల కూడా మారింది. కినా అంటే ముళ్ల బంతిలా ఉండే ఇక్కడి సముద్ర జీవి, సీ అర్చిన్. పెద్ద స్నాపర్లు, క్రేఫిష్ (మనం రాతి రొయ్య అనుకోవచ్చు) దాన్ని తింటాయి. వాటిని మనుషులు పట్టేశాక కినా విపరీతంగా పెరిగి కెల్ప్ నాచును మేసేసింది, రాళ్లు బోసిపోయాయి. రిజర్వ్‌లో 1978లో కినా ఎక్కువగా ఉన్న చోట్ల చదరపు మీటరుకు దాదాపు 5 ఉండేవి. ఇరవై ఏళ్లకు అవి ఒకటిన్నర దాకా తగ్గాయి, నాచు అడవి తిరిగి లేచింది. దీన్ని ఎవరూ నాటలేదు. చేపను వదిలేశారు, మిగతా పని చేపే చేసింది. ఈ రిజర్వ్ గురించి మేం చదివినవాటిలో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే.

మధ్యలో జరిగిన సమావేశంలో మచిలీపట్నం నుంచి వచ్చిన ఒక పెద్దాయన అసలు ప్రశ్న అడిగారు: "లోపల పెరిగితే మనకేం లాభమండీ? అక్కడ గాలం వేయనివ్వరు కదా!" దానికి జవాబు 2017లో వచ్చిన జన్యు పరిశోధనలో దొరికింది. రిజర్వ్ చుట్టూ సుమారు 400 చదరపు కిలోమీటర్లలో పిల్ల స్నాపర్లను సేకరించి చూస్తే, వాటిలో 10.6 శాతం రిజర్వ్‌లోని తల్లిచేపల సంతానం. అప్పటికి అంతా కలిపి 5 చదరపు కిలోమీటర్లున్న చిన్న ముక్క, 40 కిలోమీటర్ల దూరం దాకా పిల్లల్ని పంపుతోందన్నమాట. మనం బయట పట్టి ఇంటికి తెచ్చుకున్న వాటిలో కూడా ఆ పిల్లలు ఉండే ఉంటాయి. పెద్దాయన విని, "అయితే అది విత్తనపు వడ్ల గాదెలాంటిదన్నమాట, ఆకలేసినా ముట్టకూడదు" అన్నారు. ఆ రోజు నుంచి సమావేశం ధోరణే మారింది.

ఇక్కడ ఆగిపోతే నివేదిక సగమే నిజం చెప్పినట్టు. క్రేఫిష్ కథ వేరు. మొదటి దశాబ్దాల్లో అవి కూడా రిజర్వ్‌లో బాగా పెరిగాయి. తర్వాత లోపల కూడా తగ్గిపోయాయి. 2021లో ప్రచురితమైన పరిశోధన లీతో పాటు ఈ గల్ఫ్‌లోని మరికొన్ని రక్షిత ప్రాంతాల్లో ఇదే చూపించింది. క్రేఫిష్ ఏడాదిలో కొన్ని కాలాల్లో లోతు నీళ్ల వైపు నడుస్తుంది. 800 మీటర్ల గీత దాటగానే అక్కడ వాటిని పట్టే బుట్టలు సిద్ధంగా ఉండేవి. బయట వేట మితిమీరితే చిన్న రిజర్వ్ ఒక్కటే కాపాడలేదు.

ప్రపంచవ్యాప్తంగా కూడా ఇదే తేలింది. 2014లో 87 రిజర్వులను పోల్చిన పెద్ద అధ్యయనం అయిదు లక్షణాలు చూసింది: వేట పూర్తిగా నిషేధమా, కాపలా గట్టిగా ఉందా, పదేళ్లు దాటిందా, 100 చదరపు కిలోమీటర్ల కంటే పెద్దదా, లోతు నీళ్లో ఇసుకో చుట్టూ ఉండి విడిగా ఉందా. వాటిలో 59 శాతం రిజర్వులకు ఒకటి రెండు లక్షణాలే ఉన్నాయి. వాటి లోపలి చేపలకూ బయటి చేపలకూ పెద్ద తేడా లేదు. నాలుగైదు ఉన్నచోట మాత్రం తేడా స్పష్టం. మెక్సికోలోని కాబో పుల్మోలో 1995లో పార్కు ప్రకటించారు, ఊరివాళ్లే కాపలా కాశారు. 1999 నుంచి 2009 మధ్య అక్కడ చేపల మొత్తం బరువు 463 శాతం పెరిగింది. కాగితం మీద గీత గీసి వదిలేసిన రిజర్వ్‌కు, మనుషులు తమదనుకున్న రిజర్వ్‌కు తేడా అది.

2025 అక్టోబరులో పార్లమెంటు హౌరాకీ గల్ఫ్ రక్షణ చట్టాన్ని ఆమోదించింది. లీ రిజర్వ్, ఇదే గల్ఫ్‌లోని హాహెయి రిజర్వ్ పెద్దవయ్యాయి. లీ గీత సముద్రం వైపు దాదాపు 3 కిలోమీటర్లకు జరిగింది, క్రేఫిష్‌కు కావాల్సింది సరిగ్గా అదే. వీటితో పాటు 12 అధిక రక్షణ ప్రాంతాలు, సముద్రపు అడుగును కాపాడే ప్రాంతాలు మరో 5 వచ్చాయి. అధిక రక్షణ ప్రాంతాల్లో మన గాలాలకు కూడా చోటు లేదు, ఇక్కడి మూలవాసులైన మావోరీల సంప్రదాయ హక్కులు మాత్రం కొనసాగుతాయి. అయితే ఆ 12లో రెండింటిలో కొద్దిమంది వ్యాపారులకు రింగ్ నెట్ (చేపల గుంపు చుట్టూ వేసే వల) వేటకు అనుమతి ఇచ్చారు. ఇది తప్పని కార్యవర్గం అభిప్రాయం. సెలవు రోజు గాలం వేసేవాణ్ని ఆపి, వల వేసేవాణ్ని వదిలితే నియమం మీద గౌరవం పోతుంది. ఈ మినహాయింపు తీసేయమని కోరుతూ మన ప్రాంత ఎంపీలకు ఉత్తరం రాయాలని తీర్మానించాం.

ఒక సభ్యుడిది ఉప్పాడ దగ్గర మత్స్యకార కుటుంబం. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధం గురించి ఆయన వివరంగా చెప్పారు. ఆ రెండు నెలలు చేప గుడ్లు పెట్టుకోవడానికి ఉపయోగపడతాయి, కానీ నిషేధం ఎత్తేసిన రోజే బోట్లన్నీ ఒకేసారి కదులుతాయి, చేపకు ముసలితనం వచ్చే అవకాశం ఉండదు. "ఇక్కడ మూసేస్తే మనకు ఒక సరదా పోతుంది, అక్కడ పొయ్యి ఆగిపోతుంది" అని ఆయన అన్నారు. 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిషేధ కాలపు సాయాన్ని రూ. 10,000 నుంచి రూ. 20,000కు పెంచింది. ఏ రక్షణ అయినా నిలవాలంటే దాని భారం మోసేవాళ్లకు ముందు అన్నం దొరకాలని ఆయన వాదన. సమావేశం దానితో ఏకీభవించింది.

వచ్చే ఏడాదికి పనులు ఇవి. కొత్త గీతలు చూపించే మ్యాప్, నియమాలు తెలుగులో అచ్చు వేసి ఇంటింటికీ పంపుతాం, ఆక్లాండ్‌కు కొత్తగా వచ్చిన కుటుంబాలకు ముందుగా. బోట్లున్న సభ్యులు తమ జీపీఎస్‌లో కొత్త హద్దులు వేసుకోవాలి, అలా వేయడం తెలియనివాళ్లకు మన కుర్రాళ్లు సాయం చేస్తారు. లీకి పిల్లల్ని తీసుకెళ్లేటప్పుడు చేపలకు బ్రెడ్ వేయనివ్వకండి, గులకరాయి కూడా జేబులో వేసుకోనివ్వకండి. రిజర్వ్‌లో ఎవరైనా చేపలు పడుతున్నట్టు కనిపిస్తే గొడవ పడొద్దు, ప్రభుత్వ పరిరక్షణ శాఖ (DOC) నంబరు 0800 362 468కి ఫోన్ చేయండి. మ్యాప్ పనికి తెలుగు టైపింగ్ బాగా వచ్చిన ఇద్దరు కావాలి, పేర్లు ఈ నెలాఖరులోగా కార్యదర్శికి ఇవ్వగలరు.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి