రేంజర్స్ చరిత్ర ఎవరి ట్రంకుపెట్టెల్లో ఉంది? ఎనుగు రాష్ట్ర గవర్నర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఎనుగు రాష్ట్ర గవర్నర్ గారికి,

నమస్కారాలతో వ్రాయునది. మీ ఎనుగు ఫుట్‌బాల్ జట్టు రేంజర్స్ గురించి రాస్తున్న ఈ లేఖ ఇంగ్లీషు ప్రతిని మీ కార్యాలయానికి విడిగా తపాలాలో పంపుతున్నాను. తెలుగులో కూడా ప్రకటించడానికి ఒక కారణం ఉంది. దాన్ని చివర్లో మనవి చేస్తాను.

నేను 1980 నుంచి 1985 వరకు నైజీరియాలో, మీ ఎనుగులో, అది అనంబ్ర రాష్ట్ర రాజధానిగా ఉన్న రోజుల్లో, ఒక సెకండరీ స్కూల్లో లెక్కలు చెప్పాను. మాది నైజాం వైపు కొత్తగూడెం. మా నాన్న సింగరేణిలో బాయి పని చేసి రిటైరయ్యాడు. అందుకే ఎనుగు కూడా బొగ్గు మీద పుట్టిన ఊరేనని తెలిసినప్పుడు నా బెంగ సగం తీరింది. 1949 నవంబరు 18న ఐవా వ్యాలీ గని దగ్గర పోలీసులు కాల్పులు జరిపి 21 మంది కార్మికులను చంపిన సంగతి మా స్కూలు వాచ్‌మన్ చెప్పాడు. ఇక ఆ ఊరి గురించి నాకు వేరే పరిచయం అక్కర్లేకపోయింది.

అయితే ఆ ఊరివాళ్లు గని గురించి అడిగితేనే చెప్పేవారు, రేంజర్స్ గురించి అడగకపోయినా చెప్పేవారు. నైజీరియా నుంచి విడిపోవడానికి ఆ ప్రాంతంవాళ్లు చేసిన బయాఫ్రా యుద్ధం 1970 జనవరిలో ముగిశాక, బ్యాంకులో ఎంత దాచుకున్నవాడికైనా చేతికి 20 పౌండ్లే దక్కాయి. ఇళ్లు కూలి, ఉద్యోగాలు పోయి, ఓడిపోయినవాళ్లమనే మాట నోటితో అనలేక తిరుగుతున్న ఆ ఏడాదిలోనే ఈ జట్టు పుట్టింది. నాలుగేళ్లు తిరగకుండా, 1974లో, దేశమంతటికీ లీగ్ ఛాంపియన్ అయింది. తుపాకీతో పోయిన పరువు బంతితో తెచ్చుకున్నామని మా స్టాఫ్‌రూములో ఒక పెద్దాయన అనేవారు. ఆ మాటలో కొంత అతిశయం ఉంటే ఉండవచ్చు గాని, అలా అంటున్నప్పుడు ఆయన గొంతు జీరపోవడం మాత్రం నేను స్వయంగా విన్నాను.

1977 గురించి నాకు చెప్పింది పిల్లలే. ఆఫ్రికా కప్ విన్నర్స్ కప్ సెమీఫైనల్లో, అంతకు ముందు ఏడాది ఆ కప్పు గెలిచిన ఇబాదాన్ జట్టుతో కడూనాలో పెనాల్టీల దాకా వెళ్లి గెలవడం, ఫైనల్లో కామెరూన్‌కు చెందిన కానన్ యౌండేను రెండు మ్యాచ్‌లు కలిపి 5-2తో ఓడించడం, ఇవన్నీ ఇంటర్వెల్ బెల్లు కొట్టగానే మా స్కూలు ఎర్రమట్టి మైదానంలో మళ్లీ జరిగేవి. క్లాసులో అందరికంటే పొడుగ్గా ఉన్నవాడికి ఇష్టం ఉన్నా లేకపోయినా గోల్‌కీపర్ ఇమ్మాన్యుయేల్ ఒకాలా కాక తప్పేది కాదు. చేతిరుమాలు జబ్బకు కట్టుకున్నవాడు కెప్టెన్ క్రిస్టియన్ చుక్వూ. ఇగ్బో భాషలో చుక్వూ అంటే దేవుడు. పిల్లలు ఆ శ్లేష తెలిసే వాడుకునేవారు. ఆ రుమాలు కోసం జరిగిన కొట్లాటల తీర్పులు నా దగ్గరికే వచ్చేవి.

1980లో నైజీరియా తొలిసారి ఆఫ్రికా నేషన్స్ కప్ గెలిచినప్పుడు కూడా జట్టుకు నాయకుడు చుక్వూనే. 2025 ఏప్రిల్ 12న, 74వ ఏట, ఆయన కన్నుమూశారని పేపర్లో చదివిన రోజే ఈ లేఖ రాయాలనుకున్నాను.

అయ్యా, రేంజర్స్ మీ రాష్ట్ర ప్రభుత్వ క్లబ్బు. 1984లో లీగ్ గెలిచాక మళ్లీ గెలవడానికి 2016 దాకా, 32 ఏళ్లు, ఎదురు చూసింది. 2024లో ఎనిమిదో టైటిల్ అందుకుంది. ఈ లెక్కలు ఎక్కడికీ పోవు, పట్టికల్లో భద్రంగా ఉంటాయి. పోయేది 1970ల నాటి ఆటగాళ్ల జ్ఞాపకం, అప్పుడు గడ్డి కోసిన మాలీ మాట, గేటు దగ్గర పల్లీలమ్మిన ఆమె మాట. కనుక నా విన్నపం చిన్నదే. ఆ తరంలో మిగిలినవారిని, వారి ఇంటికే వెళ్లి, వారి ఇగ్బోలోనే మాట్లాడించి రికార్డు చేయించండి. అభిమానులు కెథీడ్రల్ అని పిలుచుకునే నామ్‌డీ అజికివే స్టేడియంలో ఒక గది కేటాయించి జెర్సీలు, టిక్కెట్లు, జట్టు రిజిస్టర్లు, పాత రేడియో కామెంటరీ టేపులు అందులో చేర్చండి. విగ్రహం ఎప్పుడైనా పెట్టవచ్చు, ఈ పని మాత్రం ఆలస్యమైతే కాదు. ఇలాంటి ప్రయత్నం ఇప్పటికే మొదలై ఉంటే దానికి నా వంతు అందించడానికి అనుమతించండి.

ఇక తెలుగులో ఎందుకంటే, 1970లు, 80లలో మా ప్రాంతాల నుంచి నైజీరియా వచ్చి లెక్కలు, సైన్సు చెప్పిన టీచర్లు చాలామంది ఉన్నారు. వారి ట్రంకుపెట్టెల అడుగున మీ ఊరి ఫోటోలు ఉండే అవకాశం ఉంది. ఈ లేఖ చదివి వారు ఆ పెట్టెలు తెరవాలని నా ఆశ.

నా పెట్టెలో ఒక్కటే దొరికింది. మా తరగతి కిటికీ గూట్లో ట్రాన్సిస్టర్, దాని చుట్టూ తొమ్మిదిమంది పిల్లలు, ఒకడి జబ్బకు రుమాలు. వెనక బోర్డు మీద నేను సగంలో ఆపేసిన క్షేత్రగణితం లెక్క కనిపిస్తుంది. ఆ గది ఏర్పాటైన రోజున అసలు ఫోటోనే పంపుతాను, నకలు నేను ఉంచుకుంటాను.

ఇట్లు,
భవదీయుడు,
ఒక విశ్రాంత లెక్కల మాస్టారు,
కొత్తగూడెం.