“ఇంకొక్కసారి” అనే మాట

ఒరేయ్ బావా,

నీ మెసేజ్ వచ్చి మూడు రోజులైంది. ఫోన్లో అయితే సగం మింగేస్తానని తెలిసే ఈ రాత్రి తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. మీ అన్న కొడుకు ఇంజనీరింగ్ అవ్వగానే ఉద్యోగం వద్దు, నాలాగా కెమెరా తగిలించుకుని కొండలెక్కుతా అంటున్నాడనీ, వదిన రెండ్రోజులుగా సరిగ్గా అన్నం తినట్లేదనీ రాశావు. ఈ పని ఎలా ఉంటుందో ఉన్నదున్నట్టు చెప్పమన్నావు కదా, చెప్తా, కొంచెం పొడుగవుతుంది.

వాడు చూసేది ముప్పై సెకన్ల వీడియో. దాని వెనక బెంగళూరు మారతహళ్లిలో ఈ గదిలో ఎన్ని రోజులు గడుస్తాయో వాడికి తెలీదు. నెలలో నేను బండ మీద ఉండేది ఆరేడు రోజులు, మిగతాదంతా ఎడిటింగ్, పర్మిషన్ల కోసం తిరగడం, రావలసిన డబ్బు కోసం ఫోన్లు చెయ్యడం. సెకనుకు 400 మెగాబిట్ల లెక్కన తీస్తే గంటకి 180 జీబీ అవుతుంది. షూటింగ్ అయిన రాత్రి ఒళ్లు ఎంత పచ్చిపుండులా ఉన్నా, అదంతా రెండు డిస్కుల్లోకి ఎక్కించి, రెండూ తెరిచి చూసి, వేర్వేరు బ్యాగుల్లో పెట్టాకే పడుకుంటా. లదాఖ్ వెళ్తే ఇంకో పని, చలికి బ్యాటరీలు దిగిపోతాయి కాబట్టి వాటిని స్లీపింగ్ బ్యాగులో పెట్టుకుని పడుకోవాలి.

మొన్న జనవరిలో బాదామి వెళ్లాం. చాళుక్యుల గుహలున్న ఊరే. అక్కడి ఎర్ర ఇసుకరాయి బండలంటే ఎక్కేవాళ్లకి ప్రాణం, కాకపోతే ఆ రాయి తడిస్తే బలం తగ్గుతుంది, వాన పడితే పూర్తిగా ఆరేదాకా చెయ్యి పెట్టకూడదు. ఎక్కేవాళ్లని కింద నుంచి తీస్తే వీపు తప్ప ఏమీ రాదు బావా. మొహం, చేతివేళ్లు కనపడాలంటే మనం వాళ్లకంటే పైనుండాలి. అందుకని తెల్లవారుజామున నాలుగున్నరకే వెనక దారిన కొండ పైకి నడిచి, బండలో దిగ్గొట్టిన రెండు బోల్టులకి తాడు బిగించి, అంచు దగ్గర తాడు ఒరుసుకోకుండా పాత జీన్స్ ప్యాంటు మడిచి వేసి, నడుముకీ తొడలకీ కట్టుకునే పట్టీల హార్నెస్‌లో కూర్చుని కిందికి దిగా. లెన్సు, మూత, ఆఖరికి తుడిచే గుడ్డ కూడా దారంతో నా ఒంటికి కట్టే ఉంటాయి, ఎందుకంటే అంత ఎత్తునుంచి చిన్న వస్తువు పడినా కింద తాడు పట్టుకున్నవాడికి దెబ్బ తగులుతుంది. గంట గడిచేసరికి తొడలు మొద్దుబారిపోయాయి. ఎక్కుతున్న అమ్మాయి నాకు నాలుగడుగుల కిందికి వచ్చింది. వేలి కొసలకి పట్టు జారకుండా పూసుకున్న చాక్ పొడి, ఒక వేలి మీద చర్మం లేచి సన్నగా రక్తం, ఊపిరి తీస్తున్న చప్పుడు నా మైకు అవసరం లేకుండానే వినపడుతోంది. ఆ క్షణంలో వేరే ఏదీ గుర్తుండదు నాకు. పదకొండేళ్ల నుంచి ఈ పని వదలకపోవడానికి కారణం అదే.

ఇప్పుడు అసలు సంగతి. నాలుగేళ్ల కిందట బూట్ల కంపెనీ యాడ్ ఒకటి తీస్తున్నాం. ఎక్కే కుర్రాడు అప్పటికే అదే చోట ఐదుసార్లు ఎక్కాడు. వెలుతురు అప్పుడే చక్కగా పడింది. “ఇంకొక్కసారి తమ్ముడూ” అన్నా నేను. అన్నది నేనే, వేరెవరూ కాదు. వాడు సరేనన్నాడు. కెమెరా ముందు ఎవరూ కాదనలేరు బావా, మనం అడగడమే వాళ్ల మీద బరువు. ఆరోసారి పట్టు జారింది, తాడు ఆపింది గానీ ఊగి వచ్చి బండకి కొట్టుకున్నాడు, మడమ విరిగింది. నాలుగు నెలలు మంచంలో ఉన్నాడు. వాళ్లమ్మ నన్ను ఒక్క మాట అనలేదు, కాఫీ ఇచ్చింది. ఆ కాఫీ గొంతు దిగలేదు.

2017 జూన్ 3న అమెరికాలో అలెక్స్ హానోల్డ్ తాడు లేకుండా ఎల్ కాపిటాన్ ఎక్కాడు చూడు, దాదాపు 900 మీటర్ల నిలువు బండ, 3 గంటల 56 నిమిషాలు. అది తీసినవాళ్లు అతని స్నేహితులే. అతి కష్టమైన చోట మనిషిని కాకుండా రిమోట్ కెమెరా పెట్టారు, పక్కన ఒకడున్నాడన్న ధ్యాసే అతనికి ఉండకూడదని. నా లెక్కలో ఆ రోజు వాళ్లు చేసిన గొప్ప పని అది.

అందుకే జనవరిలో కంపెనీ తరఫున వచ్చినాయన కింద నుంచి ఇంకోటి తీద్దామని అరిచినప్పుడు, నేను తాడు మీదే కెమెరా ఆపేసి చాలన్నా. డబ్బులో కొంత కోశారు. పోనీ. బెంగళూరు దగ్గరి రామనగర రామదేవర బెట్ట మీద డ్రోన్ ఎగరేయమన్నా అంతే, ఒప్పుకోలేదు. 2012లో దాన్ని రాబందుల అభయారణ్యం చేశారు, ఆ బండల అంచుల్లో అవి గూళ్లు పెడతాయి. డైక్లోఫెనాక్ మందు ఇచ్చిన పశువుల కళేబరాలు తిని దేశమంతా చచ్చిపోగా మిగిలిన నాలుగు పక్షులని షాట్ కోసం బెదరగొట్టడానికి మనసెలా వస్తుంది?

వాడిని ఆపమని నేను చెప్పను. మన తెలుగు పిల్ల మాలావత్ పూర్ణ భువనగిరి కొండ మీద నేర్చుకుని 2014 మే 25న పదమూడేళ్లకే ఎవరెస్ట్ ఎక్కింది, మనవాళ్లకి చేతకాదన్న మాట ఎవరూ అనక్కర్లేదు. కాకపోతే కెమెరా తర్వాత. ముందు ఉత్తరకాశీలోనో డార్జిలింగ్‌లోనో దాదాపు నెల రోజుల కొండలెక్కే బేసిక్ కోర్సు చెయ్యాలి, అక్కడ తాడు, ముడి, మంచు అన్నీ నేర్పుతారు. రెండేళ్లు ఏదో ఒక ఉద్యోగం చేస్తూ శని, ఆదివారాలు బండల మీద గడపాలి. మొదటి మూడేళ్లు నా ఇంటి అద్దె వేరే ఉద్యోగపు జీతంలోంచే కట్టా, ఆ సంగతి వదినకి దాచొద్దు.

వచ్చే శనివారం మధ్యాహ్నం అనంతపురంలో వాడిని బస్సెక్కించు. ఆదివారం తెల్లారకముందే ఇక్కడి తురహళ్లి బండల దగ్గరికి తీసుకెళ్తా. కెమెరా తేవద్దని గట్టిగా చెప్పు. రోజంతా కింద నిలబడి వేరేవాళ్లకి తాడు పట్టాలి, అంతే పని, సాయంత్రానికి మెడ పట్టేస్తుంది. అప్పుడు కూడా మళ్లీ వస్తానంటే మాట్లాడదాం. వదినకి రేపు పది గంటలకి నేనే ఫోన్ చేస్తా. వాడి చేతికి చెనిక్కాయల పొడి కాస్త ఎక్కువే ఇచ్చి పంపమను, ఇక్కడి మెస్‌లో దొరికేది మనది కాదు.

నీ
బావ