మత్తు డాక్టర్ ఆపరేషన్‌కేనా, పురిటి నొప్పులకు రారా?

సంపాదకులు గారికి,

నమస్కారం. పోయిన శ్రావణంలో మా అమ్మాయి తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. హైదరాబాద్‌లోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మొదటి నుంచీ చూపించుకుంటోంది. ఒక రాత్రి పదింటికి నొప్పులు మొదలైతే అక్కడికే తీసుకెళ్లాం. లేబర్ రూమ్‌లోకి నన్ను రానిచ్చారు. రెండు గంటలకు పరీక్ష చేసి గర్భసంచి ముఖద్వారం నాలుగు సెంటీమీటర్లు తెరుచుకుందన్నారు. అప్పటికే పిల్ల మంచం కడ్డీని పట్టుకొని పట్టుకొని అరచేతుల్లో ఎర్రగా అచ్చులు పడ్డాయి. "నడుములో సూది ఇస్తారట కదా, ఇప్పించండి" అని అడిగింది. "మత్తు డాక్టర్ రాత్రి ఉండరమ్మా, పొద్దున తొమ్మిదికి వస్తారు. ఓర్చుకో, అందరూ కనట్లేదా" అంది సిస్టర్.

మూడున్నర అయ్యేసరికి "నా వల్ల కాదమ్మా, ఆపరేషన్ చెయ్యమని చెప్పు" అని నా కొంగు పట్టుకొని ఏడ్చింది. ఫోన్లు వెళ్లాయి. కాగితాలు అల్లుడి చేతికొచ్చాయి. నలభై నిమిషాలు గడవకముందే మత్తు డాక్టర్ వచ్చారు. తొమ్మిదింటికి గానీ రారన్న డాక్టరే! వచ్చి నడుములోనే సూది ఇచ్చారు, ఆపరేషన్ కోసం.

తల్లీబిడ్డా క్షేమం. ఆ డాక్టర్ల మీద నాకు కోపం లేదు. కానీ కడుపు కొయ్యడానికి అర్ధరాత్రి దొరికిన మనిషి, నొప్పి తగ్గించడానికి ఎందుకు దొరకలేదన్న ప్రశ్న నన్ను ఇప్పటికీ వదలట్లేదు.

తెలిసిన డాక్టరమ్మను అడిగితే కారణం చెప్పారు. ఆపరేషన్ గంటలో అయిపోతుంది. మా అమ్మాయి అడిగిన నడుము సూది, అంటే ఎపిడ్యూరల్, అలా కాదు. వెన్ను దగ్గర సన్నటి గొట్టం పెట్టి, కాన్పయ్యేదాకా కొద్దికొద్దిగా మందు పంపుతూ తల్లి బీపీ, బిడ్డ గుండె చప్పుడు చూసుకుంటూ ఉండాలి. రాత్రంతా మనిషి కావాలి. ఒప్పుకుంటాను, అది చిన్న పని కాదు. అలాంటప్పుడు "మా దగ్గర రాత్రిపూట ఈ సౌకర్యం లేదు" అన్న ముక్క ఏడో నెలలోనే చెప్పాలి కదా? తొమ్మిది నెలల్లో ఎన్నిసార్లు వెళ్లామో. స్కానింగ్ గురించి చెప్పారు, ఐరన్ మాత్రల గురించి చెప్పారు, రూము అద్దె గురించి రెండుసార్లు చెప్పారు. నొప్పి గురించి ఒక్కరూ ఒక్క మాట చెప్పలేదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు ఆపరేషన్లే. ప్రైవేటు ఆసుపత్రుల్లో అయితే 81.5. దేశం మొత్తం మీద 21.5 మాత్రమే. ముహూర్తాలని, డబ్బు ఆశ అని, ఇప్పటి ఆడపిల్లలకు ఓపిక లేదని రకరకాలుగా అంటారు. ఆ చివరి మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. నొప్పి తగ్గే దారి చూపించకుండా, భరించలేక ఆపరేషన్ అడిగితే తప్పు ఆ పిల్లదా?

ఉన్న దారులు ఒకటి రెండు కాదు. ఎపిడ్యూరల్ అన్నిటికన్నా బాగా పనిచేస్తుంది. ఇచ్చిన పావుగంట, ఇరవై నిమిషాల్లో నొప్పి బాగా తగ్గుతుంది. ఎంటోనాక్స్ అని గ్యాస్ ఉంది, సగం నైట్రస్ ఆక్సైడ్, సగం ఆక్సిజన్. నొప్పి రాబోతుండగా తల్లే మాస్కు పట్టుకొని పీల్చుకోవాలి. నొప్పి పూర్తిగా పోదు గానీ పదును తగ్గుతుంది. కాస్త తల తిరగవచ్చు, వికారం రావచ్చు. మాస్కు తీసేస్తే రెండు మూడు నిమిషాల్లో ప్రభావం పోతుంది. కండకు వేసే పెథిడిన్ లాంటి ఇంజెక్షన్లు కొంత ఊరటనిస్తాయి, కాకపోతే కాన్పుకు మరీ దగ్గరలో ఇస్తే బిడ్డ మగతగా పుట్టే ప్రమాదం ఉంది. ఇవేవీ వద్దనుకునేవాళ్లకు నడవడం, గోరువెచ్చని నీళ్లు, నడుము మర్దన, పక్కన ధైర్యం చెప్పే మనిషి. ఏది ఎంచుకున్నా తప్పు లేదు. నా రెండు కాన్పులూ ఏ మందూ లేకుండానే అయ్యాయి. అంతమాత్రాన అదేదో గొప్ప అని మా అమ్మాయితో ఏనాడూ అనలేదు, అనను.

ఎపిడ్యూరల్ మీద మన ఇళ్లల్లో ఉన్న భయం ఒకటి చెప్పాలి. "నడుములో సూది వేయించుకుంటే జన్మంతా నడుము నొప్పే" అని మా వదినతో సహా ముగ్గురు నాతో అన్నారు. ప్రపంచవ్యాప్తంగా జరిగిన పరిశోధనలను కలిపి చూసిన కొక్రేన్ సమీక్ష 2018లో దీనికి జవాబిచ్చింది. దీర్ఘకాలపు నడుము నొప్పికి ఎపిడ్యూరల్ కారణమనడానికి ఆధారం లేదు, సిజేరియన్లు కూడా దానివల్ల పెరగవు. ఇబ్బందులు అసలే లేవని కాదు. బీపీ పడిపోవచ్చు, జ్వరం, దురద రావచ్చు, మూత్రం ఆగవచ్చు, కాన్పు కొంచెం ఆలస్యం కావచ్చు. సుమారు వందమందిలో ఒకరికి లేచి కూర్చుంటే తీవ్రమైన తలనొప్పి వస్తుంది, దానికి వైద్యం ఉంది. రక్తం గడ్డకట్టడంలో తేడా ఉన్నవాళ్లకు ఇవ్వకపోవచ్చు. ఇదంతా తీరిగ్గా కూర్చొని, తెలుగులోనో ఉర్దూలోనో, కాబోయే తల్లికి చెప్పాల్సిన విషయం. నొప్పులతో మెలికలు తిరుగుతున్నప్పుడు చెప్పేది కాదు.

సర్కారు దవాఖానాలకు వెళ్లేవాళ్ల సంగతి మరీ బాధాకరం. పేట్లబురుజు, సుల్తాన్ బజార్ లాంటి పెద్ద కాన్పుల ఆసుపత్రులకు ఎక్కడెక్కడి నుంచో వస్తారు. అందరికీ ఎపిడ్యూరల్ ఇవ్వడానికి డాక్టర్లు చాలరు, నాకు తెలుసు. కానీ ఎంటోనాక్స్‌కు మంచం మంచానికీ ఒక మత్తు డాక్టర్ అక్కర్లేదు. శిక్షణ ఉన్న నర్సులు, మిడ్‌వైఫ్‌లు చూసుకోగలరు. లేబర్ రూమ్‌లో తోడుగా ఒక మనిషిని ఉండనివ్వాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2016లోనే చెప్పింది. దానికైతే పైసా ఖర్చు లేదు.

ఈ ఊరికి మత్తు వైద్యం కొత్తా? ఆపరేషన్లకు వాడే క్లోరోఫామ్ మత్తు ఎంత సురక్షితమో పరీక్షించడానికి ఆరో నిజాం డబ్బిచ్చి 1888, 1889లలో ఇక్కడే క్లోరోఫామ్ కమిషన్లు నడిపించారు. ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు డాక్టర్‌గా చెప్పుకునే రూపాబాయి ఫర్దూన్‌జీ హైదరాబాద్‌లోనే చదివి, ఇక్కడి ఆసుపత్రుల్లోనే క్లోరోఫామ్ ఇచ్చారు. అలాంటి ఊళ్లో మా పిల్లకు "పొద్దున తొమ్మిదికి వస్తారు" అన్న జవాబు వచ్చింది.

ఆరోగ్య శాఖను నేను అడిగేది పెద్ద ఖర్చుతో పనికాదు. కాన్పులు చేసే ప్రతి ఆసుపత్రీ తన దగ్గర నొప్పి తగ్గించే పద్ధతులు ఏమేం ఉన్నాయో, ఏ వేళల్లో దొరుకుతాయో, ఎంతవుతుందో తెలుగులో బోర్డు పెట్టాలి. ఏడో నెల చెకప్‌లో ఆ పిల్లతోనే మాట్లాడి, ఆమె ఏమనుకుంటోందో కేసు షీట్‌లో రాయాలి. భర్తనూ అత్తగారినీ కాదు, ఆమెను అడగాలి. తర్వాత మనసు మార్చుకున్నా ఆమె ఇష్టమే.

మా కోడలికి ఇప్పుడు ఏడో నెల. రాత్రిపూట మత్తు డాక్టర్ ఉంటారా, గ్యాస్ ఉందా, ఖర్చెంత, పక్కన ఎవరిని ఉండనిస్తారు అని తనే ఒక కాగితం మీద రాసుకొని ఫైలులో పెట్టుకుంది. మంగళవారం చెకప్.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
మల్కాజిగిరి, హైదరాబాద్