పేషెంటు తాలూకు

విశాఖపట్నం,
అక్టోబరు 19, 2025, ఆదివారం.

ప్రియమైన అప్పలరాజుకు,

దసరాకు ముందు నువ్వు రాసిన ఉత్తరానికి ఇన్నాళ్లూ జవాబు ఇవ్వకపోవడానికి సాకులు వెతకను. అందులో నువ్వు అడిగింది ఒక్కటే మాట: నెల రోజులు నీ నిద్ర చెడగొట్టి దిద్దించుకున్న ఆ తెలుగు ప్రశ్నలు చివరికి ఏమయ్యాయి అని. ఒక్క ముక్కలో చెప్పవచ్చు గానీ, అలా చెబితే నొచ్చుకుంటావు కనుక మొదటి నుంచీ రాస్తున్నాను. రేపు దీపావళి కావడంతో నడవగలిగిన రోగులందరూ పట్టుబట్టి డిశ్చార్జి రాయించుకుని ఊళ్లకు వెళ్లిపోయారు. వార్డులు సగానికి సగం ఖాళీగా ఉన్నాయి, నాకూ ఇన్నాళ్లకు కాస్త తీరిక దొరికింది.

మా అధ్యయనం సంగతి నీకు తెలిసిందే అయినా ఒకసారి గుర్తు చేస్తాను. ఆసుపత్రిలో చేరిన రోగులు, వారిని కనిపెట్టుకుని ఉండే ఇంటివాళ్లు, ఇక్కడే చదువుకునే వైద్య విద్యార్థులు, ఈ మూడు వర్గాల్లో దిగులూ ఆందోళనా ఏ మేరకు ఉన్నాయో ప్రశ్నాపత్రాలతో కొలవడం మా పని. నేను డాక్టర్ని కాను; అట్టకు కాగితాలు క్లిప్పు పెట్టుకుని మంచం మంచానికీ తిరిగేవాణ్ని. అయినా ఆ అట్ట చేతిలో ఉన్నంతసేపూ అందరూ నన్ను డాక్టరు బాబు అనే పిలుస్తారు, కాదని చెప్పిన ప్రతిసారీ వారి ముఖంలో నమ్మకం ఒక మెట్టు దిగుతుంది.

మొదటి దెబ్బ కాగితం శీర్షికకే తగిలింది. ‘మానసిక ఆరోగ్య అధ్యయనం’ అని పైన పెద్ద అక్షరాలతో అచ్చు వేయించాం. చోడవరం వైపు నుంచి కాలు విరిగి వచ్చిన ఒక పెద్దాయన, నేను సమ్మతి పత్రం ఇంకా చదువుతుండగానే దుప్పటి తల మీదికి లాక్కుని, “కాలిరిగితే పిచ్చాసుపత్రి కాయితమేటి బాబూ” అన్నాడు. మనం బళ్లో చదువుకునేటప్పుడు ఎవడైనా తిక్కగా మాట్లాడితే ‘వీణ్ని వాల్తేరు పంపించండ్రా’ అని నవ్వుకునేవాళ్లం, గుర్తుందా? వాల్తేరులోని ప్రభుత్వ మానసిక చికిత్సాలయాన్ని కంటితో చూడనివాళ్లకు కూడా ఆ పేరు తిట్టుగానే తెలుసు. ఆనాటి నా నవ్వే ఈనాడు నా కాగితానికి అడ్డం పడిందనుకో. చివరికి శీర్షికను ‘ఆసుపత్రిలో ఉన్నవారి నిద్ర, దిగులు, ఆందోళన’ అని మార్చి, పరిశోధనలకు అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీకి మళ్లీ సమర్పించి, అనుమతి తెచ్చుకున్నాం. లోపలి పేజీల్లో విషయమంతా యథాతథంగానే ఉంది, దాచిందేమీ లేదు. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ 2015-16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి అప్పటికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉన్నట్టు తేలింది గానీ, ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ లేదు. అందుకే ఇక్కడి మనుషుల దగ్గర కూర్చుని అడగవలసిన అవసరం ఉందని ఈ అధ్యయనం నడిపే మా మేడమ్ మొదటి రోజునుంచీ చెబుతూ ఉంటారు.

రోగులకు మేము వాడుతున్నది దిగులును కొలిచే పీహెచ్‌క్యూ-9 అనే పత్రం. 2001లో వెలువడిన ఈ పత్రంలో తొమ్మిదే ప్రశ్నలు. గడిచిన రెండు వారాల్లో ఒక్కొక్క ఇబ్బంది ఎన్నాళ్లు బాధించిందో చెబితే 0 నుంచి 3 వరకు మార్కు వేస్తాం, మొత్తం 27. పదీ, అంతకు మించీ వస్తే డిప్రెషన్ ఉండవచ్చునని అనుమానించి మానసిక వైద్యులకు చూపించాలి. ఇంతవరకు బాగానే ఉంది. అయితే నిద్ర, నీరసం, ఆకలి, ఈ మూడింటి మీదా అందులో ఒక్కో ప్రశ్న ఉంది. కిడ్నీలు పాడై డయాలిసిస్ మీద ఉన్న మనిషికి ఈ మూడు బాధలూ ఆ జబ్బు వల్లనే రావచ్చు. మనసులో ఏ దిగులూ లేకపోయినా మూడు మూళ్లు తొమ్మిది, గీతకు ఒక్క మార్కు దూరంలో ఉంటాడు. ఈ చిక్కు కొత్తది కాదు. 1983లో జిగ్మండ్, స్నెయిత్ అనే ఇద్దరు ఆసుపత్రి రోగుల కోసమే 14 ప్రశ్నల పత్రం ఒకటి తయారుచేస్తూ, ఒంటి జబ్బుతో కలగాపులగమయ్యే లక్షణాలను కావాలనే వదిలిపెట్టారు. మరి దాన్నే వాడవచ్చు కదా అని నేను అడిగితే, ఒంటి బాధతో మొదలుపెట్టని ప్రశ్నకు మన పల్లెటూరి రోగి నోరు విప్పడని మేడమ్ అన్నారు. అది నేను కళ్లారా చూశాను. ‘మనసు ఎలా ఉంది’ అంటే ‘బాగానే ఉంది బాబూ’ అంటారు. ‘నిద్ర పడుతోందా’ అంటే మాత్రం గుండె దడ, తల భారం, ఒళ్లు మంటలు, అక్కడినుంచి కూతురి పెళ్లికి చేసిన అప్పు, అక్కడినుంచి పెద్దకొడుకుతో మాటలు లేకపోవడం, ఒకదాని వెనక ఒకటి బయటికి వస్తాయి. అందుకని రెండు పత్రాలూ పెట్టుకున్నాం, మంచం దగ్గర నాకు పట్టే సమయం రెట్టింపు అయింది. ఒడిశాలోని కొరాపుట్ వైపు నుంచి వచ్చిన ఆదివాసులకు ఈ రెండు తెలుగు పత్రాలూ ఒకటే, అంటే రెండూ అర్థం కావు. వారి కోసం ఇంకా ఏ దారీ దొరకలేదు.

ఇక నీ ప్రశ్నల దగ్గరికి వస్తాను. ఆసుపత్రిలో రోగికి ఒక నంబరు, ఒక కేసుషీటు, ఒక మంచం ఉంటాయి. పక్కన ఉండే మనిషికి పేరు కూడా ఉండదు. సిస్టరు గుమ్మంలో నిలబడి “ఏడో నంబరు పేషెంటు తాలూకు ఎవరు?” అని కేక వేస్తే ఎవరో ఒకరు ఉలిక్కిపడి లేస్తారు. రక్తం సీసా ల్యాబుకు ఇచ్చి రావడం, స్కానింగు దగ్గర వరసలో నిలబడడం, రాసిచ్చిన మందు దొరకకపోతే బయటి షాపులన్నీ తిరగడం, రాత్రికి వరండాలో చాప పరుచుకుని ఒక చెవి వార్డు వైపు ఉంచి కునుకు తీయడం, ఇవన్నీ ఆ తాలూకు మనిషి పనులే. ఇలాంటివాళ్ల కష్టాన్ని కొలవడానికి లోకమంతా వాడే పత్రం ఒకటి ఉంది. 1980లో స్టీవెన్ జారిట్ బృందం మొదలుపెట్టినది, ఇప్పటి రూపంలో 22 ప్రశ్నలు, 88 మార్కులు. అయితే అది మతిమరుపు జబ్బు వచ్చిన వృద్ధులను ఇంట్లో చూసుకునేవారి కోసం పుట్టింది కనుక, మా వరండాలోని మనుషులకు అందులో చాలా ప్రశ్నలు అతకవు. అందుకే మేమే 12 ప్రశ్నలు రాసుకుని నీ చేత తెలుగు దిద్దించాం, అసలు అధ్యయనంలోకి దించేముందు కొద్దిమంది దగ్గర పరీక్షించి చూశాం.

సోంపేట దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఒకావిడ సంగతి చెప్పాలి. ఉద్దానం కిడ్నీ జబ్బు గురించి నీకు వేరే చెప్పనక్కరలేదు. ఆమె భర్తకు డయాలిసిస్ కోసం చేతి రక్తనాళాలు కలిపే ఆపరేషను, ఫిస్టులా, వేయించడానికి తీసుకువచ్చింది. ఊళ్లో ఆమె పని జీడిపిక్కలు కొట్టడం. చదువు రానివారి దగ్గర సమ్మతి తీసుకునేటప్పుడు వేలిముద్రతోపాటు, అధ్యయనంతో సంబంధం లేని సాక్షి ఒకరు ఉండాలని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 నాటి నియమావళి చెబుతుంది. పక్క మంచం కుర్రవాణ్ని సాక్షిగా పిలిచి, సిరా పలక ముందు పెట్టాను. ఆమె బొటనవేలు నొక్కింది; కాగితం మీద నల్లటి మచ్చ పడింది తప్ప ఒక్క గీత కూడా రాలేదు. జీడి రసానికి వేలి చర్మం లేచి లేచి నున్నగా అయిపోయింది. “ముద్ర పడదు బాబూ, రేషను మిషనే ఒప్పుకోదు” అని ఆమె నన్ను ఓదార్చినట్టుగా అన్నది.

మూడు ప్రశ్నలు సాఫీగా సాగాయి. నాలుగోది నీకు కంఠతా వచ్చు: ‘రోగిని చూసుకోవడం మీకు భారంగా అనిపిస్తోందా?’ ఆమె నా ముఖంలోకి చూసి, “నా మొగుడు నాకు బరువేటి బాబూ? అలగడగొచ్చా?” అన్నది. నేను సున్నా చుట్టాను. ఆ తరువాత ఆమె ప్రతి ప్రశ్నకూ లేదు, లేదు అనే చెప్పింది. మాట తీరు మర్యాదగానే ఉంది గానీ తలుపు మూసుకుపోయిందని తెలుస్తూనే ఉంది. కాగితాలు సర్దుకుని లేస్తూ, ప్రశ్నగా కాదు, ఊరికే మాటవరసకు, “అమ్మా, నువ్వు పడుకుని ఎన్నాళ్లయింది?” అన్నాను. ఆమె వేళ్లు లెక్కపెట్టుకుని, పదకొండు రోజులుగా గోడకు చేరబడి కూర్చునే ఉన్నానని చెప్పింది. ఎందుకని అడిగితే, “పడుకుంటే ఆయనకి ఊపిరాడతందో లేదో ఇనపడదు” అన్నది. మా పత్రం ప్రకారం ఆ వార్డులో ఆమెకన్నా నిశ్చింతగా ఉన్న మనిషి లేదు.

ఆమె ఒక్కతే అయితే సరిపెట్టుకునేవాణ్ని. దాదాపు అందరూ ఆ నాలుగో ప్రశ్న దగ్గరే ముడుచుకుపోయారు. బరువు, కష్టం, భారం అనే మూడు మాటల మధ్య నువ్వు వారం రోజులు తర్జనభర్జన పడి ‘భారం’ ఎంచావు, నేనూ భేషుగ్గా ఉందన్నాను. మాట అర్థం కాక కాదు రాజూ, బాగా అర్థమయ్యే వాళ్లు నొచ్చుకున్నారు. భార్య భర్తను భారమనడం, కొడుకు తల్లిని భారమనడం మన ఇళ్లలో తిట్టుతో సమానం. మీ నాన్నగారు పక్షవాతంతో మూడేళ్లు మంచాన ఉన్నప్పుడు ఎవడైనా అట్ట పట్టుకుని వచ్చి మీ అమ్మగారిని ఈ మాట అడిగి ఉంటే, ఆవిడ అట్లకాడ తీసుకునేవారు. మనిద్దరం నిఘంటువులో చూశాం, మీ వంటింట్లో చూడలేదు.

విద్యార్థుల విషయంలో తప్పు పూర్తిగా నాదే. క్లాసు ముగిశాక, మేష్టారు ఇంకా వేదిక మీదే ఉండగా అవే పీహెచ్‌క్యూ పత్రాలు పంచి, బెంచీల వరసలోనే తిరిగి తీసుకున్నాను. పేరు రాయనక్కరలేదని గొప్పగా ప్రకటించాను గానీ, వాళ్లు రోల్ నంబర్ల వరసలో కూర్చుంటారన్న సంగతి నాకు తట్టలేదు; వాళ్లకు క్షణంలో తట్టింది. దొంతర తీసి చూస్తే పైనుంచి కిందికి సున్నాల నిలువు గీతలు. ఒకడు మాత్రం 27కు 27 వేసి, అడుగున ‘ముందు ఇంటర్నల్ పరీక్షలు వాయిదా వేయండి’ అని రాశాడు. ఆ దొంతర పక్కన పడేసి, ఈసారి గ్రంథాలయంలో ఒక మూల తాళం వేసిన పెట్టె పెట్టాం. అందులో పడిన కాగితాలు వేరే కథ చెప్పాయి.

ఆ కథ మా ఒక్క కళాశాలది కాదు. జామా అనే వైద్య పత్రికలో 2016లో వచ్చిన ఒక సమీక్ష, పలు దేశాల వైద్య విద్యార్థుల అధ్యయనాలను కలిపి చూసి, 27.2 శాతం మందిలో డిప్రెషన్ లేదా దాని లక్షణాలు, 11.1 శాతం మందిలో చనిపోవాలన్న ఆలోచనలు ఉన్నాయని లెక్క తేల్చింది. డిప్రెషన్ ఉన్నట్టు తేలినవారిలో వైద్యం కోసం వెళ్లినవారు 15.7 శాతమే. చుట్టూ డాక్టర్లే ఉన్న పిల్లల సంగతి ఇది. మన జాతీయ వైద్య కమిషన్ కార్యదళం 2024లో ఇచ్చిన నివేదికలో 25,590 మంది ఎంబీబీఎస్ విద్యార్థులు జవాబిస్తే, 27.8 శాతం మంది తమకు మానసిక రుగ్మత నిర్ధారణ అయిందని చెప్పుకున్నారు, పీజీల్లో 31.2 శాతం మంది చనిపోవాలన్న ఆలోచన వచ్చిందన్నారు. ఇవి ఇష్టపడి ఆన్‌లైన్‌లో జవాబిచ్చినవారి లెక్కలు కాబట్టి దేశంలోని అందరికీ అంటగట్టకూడదు. రెసిడెంట్లకు, అంటే వార్డుల్లో పనిచేసే పీజీ డాక్టర్లకు, వారానికి 74 గంటలకు మించి పని ఉండకూడదని ఆ కార్యదళమే సూచించింది, మా పీజీ ఒకరికి ఈ మాట చెబితే, నిలబడే కునుకు తీస్తున్నవాడు కళ్లు తెరిచి, “ఏ వారానికి సార్?” అన్నాడు.

నన్ను నిద్రపోనివ్వనిది పీహెచ్‌క్యూలోని తొమ్మిదో ప్రశ్న. చనిపోతే బాగుండునన్న ఆలోచన వచ్చిందా అన్నదే అది. పెట్టెలోని కాగితాల్లో కొన్నింటిలో దానికి సున్నా కాని జవాబు ఉంది, ఒకదానిలో 3 ఉంది. వార్డులో రోగి అలా చెబితే అప్పటికప్పుడు మానసిక వైద్యుల్ని పిలుస్తాను, మంచం నా ఎదుటే ఉంది కనుక. ఇక్కడ పేరు లేదు. పేరు అడిగి ఉంటే ఆ 3 కూడా సున్నాగానే వచ్చేది. అడగలేదు కనుక ఆ పిల్లాడెవరో, పిల్లెవరో నాకు తెలియదు, ఆ సాయంత్రం క్యాంటీన్లో నా పక్కనే కూర్చుని టీ తాగి ఉండవచ్చు. వెంటనే సాయం అందించలేని సర్వేల కోసం ఆ ప్రశ్నను తీసేసిన పీహెచ్‌క్యూ-8 ఉంది, దాన్నే వాడి ఉంటే ఈ గొడవ ఉండేది కాదని మా బృందంలో ఒకరు అన్నారు. నాకు ఆ మాట నచ్చలేదు. అడిగాం కనుక ఏదో ఒకటి చేసి తీరాలి. ఆ మర్నాడే మేడమ్ క్లాసులకు తానే వెళ్లి, ఎన్ని కాగితాలో ఏ సంవత్సరం వాళ్లవో ఒక్క ముక్క బయటపెట్టకుండా, కొందరు చాలా బాధలో ఉన్నారని మాకు తెలిసిందని, వారు ఏ వేళకు వచ్చినా తన గది తలుపు తీసే ఉంటుందని చెప్పారు. ఇప్పుడు ప్రతి పత్రం అడుగునా చింపుకుని వెళ్లగలిగే చీటీ ఒకటి పెట్టాం. దాని మీద కౌన్సెలర్ గది, 2022 అక్టోబరులో కేంద్రం ప్రారంభించిన టెలీ మానస్ నంబరు 14416 ఉంటాయి, తెలుగులోనూ మాట్లాడతారు. తరువాతి వారంలో ఇద్దరు కౌన్సెలర్ దగ్గరికి వచ్చారు. వాళ్లూ ఆ కాగితాల వాళ్లూ ఒకరేనో కాదో తెలుసుకునే వీలు లేదు, అడగనూ కూడదు. 2023లో మన ఊళ్లోనే ఒక నీట్ విద్యార్థిని మరణించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న 15 మార్గదర్శకాలు ఇస్తూ, 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలోనూ అర్హత గల కౌన్సెలర్ ఒకరైనా ఉండాలన్నది కదా, మా కౌన్సెలర్ గదికి ఇప్పుడు కర్టెన్ కూడా వేయించారు. ముందు గాజు తలుపులోంచి లోపల కూర్చున్నవాళ్లు వరండాలో పోయేవాళ్లందరికీ కనిపించేవారు.

నీతో పని ఇంకా ఉంది. నాలుగో ప్రశ్న మార్చాలి. నవంబరు మొదటి వారంలో ఎథిక్స్ కమిటీ కూర్చుంటుంది, ఆలోగా సవరించిన పత్రం ఇవ్వాలి. అసలు అధ్యయనం మొదలయ్యాక అక్షరం మార్చినా పాత జవాబులకూ కొత్త జవాబులకూ పొత్తు కుదరదు. మనసును కాక రోజును అడిగే ప్రశ్నలు కావాలి: చివరిసారి నడుం వాల్చింది ఎప్పుడు, వేడి అన్నం తిన్నది ఎప్పుడు, ఊళ్లో ఎవరిని వదిలి వచ్చారు, ఇలాంటివి. ఒక నాలుగైదు రాసి పంపు. పంపేముందు మీ అమ్మగారికి చదివి వినిపించు. ఆవిడ దేనికి జవాబు చెప్పారో, దేనికి లేచి లోపలికి వెళ్లిపోయారో పక్కనే గుర్తు పెట్టు.

ఇట్లు,
నీ సూరిబాబు