సరిహద్దు జవాను గోడు చెప్పుకునే చోటు చూపించండి: కేంద్ర హోం మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర హోం మంత్రి గారికి,

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక తెలుగు పంతులమ్మ నమస్కారాలతో రాస్తున్నది.

మా తమ్ముడు సరిహద్దు భద్రతా దళం (బీఎస్‌ఎఫ్)లో హెడ్ కానిస్టేబుల్. 2005లో చేరాడు. ఇప్పుడు బంగ్లాదేశ్ సరిహద్దులో ఉన్నాడు. ఈ ఉత్తరం రాయమని వాడు నన్ను అడగలేదు. రాస్తున్నట్టు వాడికి తెలియదు కూడా. ఈ సంగతి ముందే చెప్పడానికి కారణం ఉంది. బీఎస్‌ఎఫ్ చట్టం 13వ సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా వాడు సంఘాల్లో చేరకూడదు, పత్రికల వాళ్లతో మాట్లాడకూడదు, పుస్తకం గానీ ఉత్తరం గానీ అచ్చువేయించకూడదు. ఉత్తరం అన్న మాట ఆ సెక్షన్‌లో విడిగా రాసి ఉంది. వాడు రాయలేని ఉత్తరం కాబట్టే నేను రాస్తున్నాను.

కిందటేడాది మే నెలలో మా నాన్న మంచాన పడ్డారు. తమ్ముడు వచ్చాడు. అంతకుముందు అమ్మ మోకాలి ఆపరేషన్‌కి వాడి సెలవు చాలావరకు అయిపోయింది. మిగిలిన రోజులన్నీ నాన్న మంచం పక్కనే గడిపాడు. వెళ్లాల్సిన రోజున నల్ల ట్రంకు పెట్టె గుమ్మం దగ్గర పెట్టుకున్నాడు. దానిమీద తెల్ల పెయింటుతో వాడి పేరూ నంబరూ ఉంటాయి. నాన్న వాడి మణికట్టు పట్టుకుని "ఇంకో నాలుగు రోజులు ఉండరా" అన్నారు. వాడేమీ మాట్లాడలేదు. చెయ్యి విడిపించుకోనూ లేదు. నాన్నకు నిద్ర పట్టేదాకా అలాగే కూర్చుని, తర్వాత మెల్లగా లేచాడు. కోరమండల్ ఎక్కించడానికి నేను విజయవాడ స్టేషన్ దాకా వెళ్లాను. ప్లాట్‌ఫారం మీద ఒకే మాట అన్నాడు: "అక్కా, టైముకి రిపోర్టు చెయ్యకపోతే కేసవుద్ది."

అయిదో రోజున నాన్న పోయారు. వాడు మళ్లీ బయల్దేరి వచ్చేసరికి మూడు రోజులు పట్టింది. తలకొరివి మా బాబాయి కొడుకు పెట్టాడు.

ఇందులో వాడి పై అధికారుల తప్పేమీ లేదు. సరిహద్దును ఖాళీగా వదిలేయడం కుదరదని నాకూ తెలుసు. కానీ ఆ 'కేసవుద్ది' అన్న మాట నన్ను వదల్లేదు. కర్మకాండ అయ్యాక బీఎస్‌ఎఫ్ చట్టం పుస్తకం కొనుక్కున్నాను. పద్యానికి ప్రతిపదార్థం రాసినట్టు సెక్షన్ వెంట సెక్షన్ చదివాను. అర్థం కాని చోట మా ప్లీడరు గారిని అడిగాను.

19వ సెక్షన్ ప్రకారం తగిన కారణం లేకుండా సెలవు దాటి ఉండిపోతే మూడేళ్ల దాకా జైలు వెయ్యొచ్చు. క్రమశిక్షణ ఉండాలి, ఒప్పుకుంటాను. నా మనసు నిలవనిది విచారణ జరిగే తీరు చదివాక. సమ్మరీ సెక్యూరిటీ ఫోర్స్ కోర్టు అని ఒకటుంది. అందులో యూనిట్‌కి పెద్ద అయిన కమాండెంటు ఒక్కరే కోర్టు. మరో ఇద్దరు హాజరవుతారు గానీ తీర్పులో వాళ్లకు పాత్ర లేదు. ముద్దాయి వకీలును తెచ్చుకోవచ్చు. ఆ వకీలు పక్కన కూర్చుని సలహా చెప్పొచ్చు తప్ప సాక్షిని ప్రశ్నించకూడదు, కోర్టుతో మాట్లాడకూడదు. శిక్ష పడ్డాక 117వ సెక్షన్ కింద పై అధికారులకో, కేంద్ర ప్రభుత్వానికో అర్జీ పెట్టుకోవాలి. అది కూడా దళమూ ప్రభుత్వమూ దాటని దారే.

మరి బయట ఎక్కడికి వెళ్లాలి అని అడిగితే ప్లీడరు గారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, "అక్కడేనమ్మా చిక్కు" అన్నారు. సైన్యంలో జవానుకు కోర్టు మార్షల్‌లో శిక్ష పడితే 2007 చట్టం కింద ఏర్పడిన సాయుధ బలగాల ట్రిబ్యునల్‌కు అప్పీలు వెళ్తుంది. ఆ ట్రిబ్యునల్ సాక్ష్యం చూస్తుంది, బెయిలిస్తుంది, శిక్ష తగ్గిస్తుంది. కానీ ఆ చట్టం ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్ వాళ్లకే. పోస్టాఫీసు గుమాస్తాకు 1985 చట్టం కింద కేంద్ర పరిపాలనా ట్రిబ్యునల్ (క్యాట్) ఉంది. అందులోంచి కేంద్ర సాయుధ బలగాలను మినహాయించారు. బీఎస్‌ఎఫ్ జవాను రెంటికీ చెడ్డ రేవడి అయ్యాడు.

ఇక మిగిలింది హైకోర్టులో రిట్. మాకు అమరావతి దగ్గరే. కానీ రిట్‌లో విచారణ పద్ధతి ప్రకారం జరిగిందా లేదా అన్నదే ముఖ్యంగా చూస్తారు. సాక్షి నిజం చెప్పాడా, శిక్ష తప్పుకు తగినదేనా అని మొదటినుంచీ తిరగతోడరు. పైగా లాయరు ఫీజూ, వాయిదాలూ. నెలల తరబడి సరిహద్దులో ఉండేవాడు ఆ కేసు నడుపుకోగలడా?

మంత్రి గారూ, 1965 యుద్ధం తర్వాత డిసెంబరు 1న పుట్టిన దళం ఇది. 1968లో పార్లమెంటు దీనికి చట్టం చేసి, 4వ సెక్షన్‌లోనే దీన్ని కేంద్ర సాయుధ బలగం అన్నది. ఆ మాట ఆధారంగానే వాడికి సంఘం లేదు, గొంతు లేదు, క్యాట్ లేదు. పెన్షన్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ మాట పనికిరాకుండా పోయింది. 2004 జనవరి 1 నుంచి కొత్త పెన్షన్ తెస్తూ ఇచ్చిన నోటిఫికేషన్‌లో 'సాయుధ బలగాలు మినహా' అని ఉంది. అయినా మా తమ్ముడి జీతంలో ఆ కొత్త పెన్షన్ కోసమని పది శాతం కోత పడుతూనే ఉంది. మా వీధిలో ఆర్మీలో పదిహేడేళ్లు చేసి వచ్చిన ఒకాయన ఉన్నారు. పెన్షన్ కోసమని ఆయన జీతంలో ఏనాడూ పైసా కోయలేదు. ఆయనకు వచ్చేది ఆయన కష్టార్జితమే, దాంట్లో నాకు పేచీ లేదు. మావాడిదీ కష్టమే అంటున్నాను. 2023 జనవరి 11న ఢిల్లీ హైకోర్టు ఈ దళాలూ సాయుధ బలగాలేననీ, పాత పెన్షన్ ఇవ్వాలనీ చెప్పింది. కేంద్రం సుప్రీంకోర్టుకు వెళ్లింది, అమలు ఆగింది. 2025 ఏప్రిల్ నుంచి వచ్చిన ఏకీకృత పెన్షన్‌లో కొంత భరోసా ఉంది, కాదనను. అందులోనూ ఆ పది శాతం కోత పోలేదు.

నేనూ 2004 తర్వాత ఉద్యోగంలో చేరినదాన్నే, నాదీ జీతంలో కోత పడే కొత్త పెన్షనే, సీపీఎస్. కానీ మాకు యూనియన్లున్నాయి. ధర్నా చౌక్‌లో టెంటు కింద కూర్చున్నాం. 2022 ఫిబ్రవరి 3న పీఆర్సీ కోసం చలో విజయవాడ అంటే బీఆర్‌టీఎస్ రోడ్డు నిండిపోయింది, అందులో నేనూ ఉన్నాను. మా మాట నెగ్గినా నెగ్గకపోయినా చెప్పుకున్నాం. మా తమ్ముడికి ఆ పాటి కూడా లేదు. సైన్యానికీ లేదంటారేమో. సైన్యానికి ట్రిబ్యునల్ ఉంది, పాత పెన్షన్ ఉంది. గొంతు తీసుకున్నందుకు బదులుగా ఏదో ఒకటి ఇచ్చారు.

2021 అక్టోబరులో బెంగాల్, అస్సాం, పంజాబ్‌లలో ఈ దళం పరిధిని 15 కిలోమీటర్ల నుంచి 50 కిలోమీటర్లకు పెంచారు. బాధ్యత పెంచడానికి ఒక్క గెజిట్ సరిపోయింది. నేనడిగేదానికి పార్లమెంటులో సవరణ కావాలి, అది మీ చేతిలోని పనే. 2007 నాటి ట్రిబ్యునల్ చట్టాన్ని బీఎస్‌ఎఫ్‌కూ వర్తింపజేయండి. రక్షణ శాఖ చట్టం కాబట్టి కుదరదంటే మీ శాఖ కిందే వేరే ట్రిబ్యునల్ పెట్టండి. దాంట్లో జవాను తరఫు వకీలుకు నోరు విప్పే హక్కు ఇవ్వండి. సుప్రీంకోర్టులో వేసిన పెన్షన్ అప్పీలును వెనక్కి తీసుకోండి. పెన్షన్ సంగతి కొంత ఆలస్యమైనా ఓర్చుకుంటాం, మావాడికి ఇంకా సర్వీసు ఉంది. కేసు పడినవాడు మాత్రం ఎదురుచూడలేడు.

ఈ లేఖ ప్రతిని మీ కార్యాలయానికి స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. కవరు మీద నా చిరునామా ఉంది. జవాబు నాకే పంపండి, మా తమ్ముడి యూనిట్‌కి వద్దు.

ఇట్లు,
ఒక జవాను అక్క,
బ్రాడీపేట, గుంటూరు