ఇరవై తొమ్మిది తర్వాత ఇరవై పది

ఒరేయ్ మామా,

మొన్న ఫోన్లో నువ్వన్న మాట నేనింకా మర్చిపోలేదు. "ఆరో తరగతికి వచ్చిన పిల్లలకి భాగహారం కూడా రావట్లేదు, అయిదేళ్లు మీరక్కడ ఏం పీకుతున్నార్రా" అన్నావు చూడు, అది. అప్పుడు నవ్వి ఊరుకున్నాను, ఎందుకంటే పక్కన ఇద్దరు పిల్లలు జుట్లు జుట్లు పట్టుకుని ఉన్నారు, వాళ్లని విడదీసేసరికి నువ్వు ఫోన్ పెట్టేశావు. ఇవాళ ఆదివారం, బట్టలు ఉతకడం అయిపోయింది, తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. వాయిస్ మెసేజ్ పెడితే డబుల్ స్పీడులో వింటావని తెలుసు, అందుకే ఉత్తరం. చచ్చినట్టు చదువు.

నువ్వు లెక్కల సారువి కాబట్టి ముందు లెక్క చెబుతా. మా తండా ప్రాథమిక బడిలో అయిదు తరగతులు, రెండు గదులు, ఒక వరండా, ఇద్దరం టీచర్లం. ఒకటి, రెండు, మూడు నావి. నాలుగు, ఐదు పెద్ద మేడంవి. ఆమె కాంప్లెక్స్ మీటింగ్‌కో, ట్రైనింగ్‌కో, సంతకాల కోసం మండలానికో వెళ్తే అయిదూ నావే. నువ్వు ఒక పీరియడ్ చెప్పి, బెల్లు కొట్టగానే స్టాఫ్ రూంలో కూర్చుని టీ తాగుతావు. ఇక్కడ బెల్లు కొట్టేది కూడా నేనే. రెండో తరగతికి కూడికలు ఇచ్చి ఒకటో తరగతి వైపు తిరిగితే, మూడో తరగతి వాళ్లు అప్పటికే ఇచ్చిన పని అయిపోయిందంటారు. అయిపోయిందా అని చూస్తే ఒకడు చేశాడు, మిగతావాళ్లు వాడి పలకలో చూసి దించారు, వాడు చేసిందేమో తప్పు.

పొద్దున ప్రార్థన అయ్యాక మొదటి అరగంట పాఠం ఉండదురా, పంచాయతీ ఉంటుంది. "సార్, ఈడు గిచ్చిండు." "సార్, నేను గిచ్చలే సార్, ఈడే ముందు మా అమ్మను తిట్టిండు." "సార్, నా బలపం ఎత్తుకపోయిండు." "సార్, ఒంటికి పోతా." ఒకడు ఒంటికి పోయాడంటే క్లాసు మొత్తానికి అదే నిమిషంలో వస్తుంది, ఆ రహస్యం ఏంటో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. పోయినవాళ్లలో సగం మంది తిరిగొచ్చేటప్పుడు వంటక్క దగ్గర ఆగి ఇవాళ గుడ్డు ఉందా లేదా కనుక్కుని వస్తారు. వారానికి 3 గుడ్లు కదా, గుడ్డు ఉన్నరోజు హాజరు చూడాలి, గుడ్డు లేనిరోజు చూడాలి. ఒకడైతే చెల్లెలికని గుడ్డు బ్యాగులో దాచి, శని ఆదివారాలు మర్చిపోయి, సోమవారం అదే బ్యాగుతో వచ్చాడు. ఆ రోజు మేం పాఠాలు వేపచెట్టు కింద చెప్పుకున్నాం.

సరే, నీ భాగహారం సంగతికి వద్దాం. భాగహారం దాకా వెళ్లాలంటే ముందు తీసివేత రావాలిగా. నా మూడో తరగతిలో ఒకడున్నాడు, నేను వాడికి మేస్త్రీ అని పేరు పెట్టాను. వాడు పని చెయ్యడు, చేసేవాళ్ల వెనక చేతులు కట్టుకుని నిలబడి అజమాయిషీ చేస్తాడు. 52 లోంచి 27 తియ్యమంటే వాడికి 35 వస్తుంది. ఎందుకో నీకు చెప్పక్కర్లేదు, రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచే రెండు తీసేస్తాడు, మనిషి ప్రాక్టికల్. చీపురు పుల్లల్ని పదేసి కట్టలుగా రబ్బరు బ్యాండు వేసి పెట్టుకున్నాం మేము. అయిదు కట్టలు, రెండు విడి పుల్లలు వాడి ముందు పెట్టి ఏడు పుల్లలు ఇవ్వరా అన్నాను.

"లెవ్వు సార్, రెండే ఉన్నయి."

"కట్టలో ఉన్నాయి కదరా, విప్పు."

"మేడం కట్టింది సార్. విప్పితే తిడ్తది."

వాడి బాధ అది! నేనేమో స్థానవిలువలు అర్థం కావట్లేదని తల పట్టుకుంటే, వాడి దృష్టిలో ఇది పెద్ద మేడం సామాను. ఈలోపు పక్కన కూర్చున్న రెండో తరగతి పిల్ల, దానికి ఈ లెక్కతో సంబంధమే లేదు, విసుగొచ్చి కట్ట లాక్కుని రబ్బరు బ్యాండు తెంపేసి, లెక్కపెట్టి ఏడు పుల్లలు నా చేతిలో పెట్టి పోయి తన చోట కూర్చుంది. మేస్త్రీ ఇంకో రెండు కట్టలు పక్కకి తీసి, మిగిలినవి లెక్కపెట్టాడు. "ఇరవై ఐదు సార్." వాడి మొహం చూడాలి నువ్వు. ఆ రోజు బండి మీద దేవరకొండ వచ్చేదాకా పాటలు పాడుకుంటూ వచ్చాను. మర్నాడు పలక మీద 41 లోంచి 18 తియ్యమన్నా. 37 అన్నాడు. నిన్న చేశావు కదరా అంటే, "పుల్లలుంటెనే వస్తది సార్, పలక మీద రాదు" అన్నాడు. దీన్ని నువ్వు ఆరో తరగతిలో చూస్తే "బేసిక్స్ లేవు" అని ఒక్కమాటలో తేల్చేస్తావు. నాకు మాత్రం పుల్లలకీ పలకకీ మధ్య దాటించడానికే డిసెంబరు మొత్తం పట్టింది.

రెండో తరగతి అంకెల సంగతి ఇంకా బాగుంటుంది. ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది, ఇరవై పది, ఇరవై పదకొండు అని అదే ఊపులో పోతారు. తప్పు పట్టబుద్ధి కాదు, సూత్రం పట్టుకునే కదా పోతున్నారు. మీడియం ఇంగ్లీషు చేశారు కాబట్టి పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురుగా తెలుగు. అందుకని ట్వంటీ నైన్, ట్వంటీ టెన్ కూడా ఉన్నాయి. ఇంట్లో మాట్లాడేది రెండూ కాదు, లంబాడీ. తండా పిల్లలు కదా. జూన్‌లో ఒకటో తరగతిలో చేరిన పిల్లకి నేను మాట్లాడే తెలుగు నీకూ నాకూ తమిళ వార్తలు విన్నట్టు ఉండి ఉంటుంది. అందుకని నేనే కొంచెం నేర్చుకున్నాను, అమ్మని యాడి అంటారు, రొట్టె బాటి, నీళ్లు పాణి. మిగతాదానికి నాలుగో తరగతి వాణ్ణి దుబాసీగా పెట్టుకున్నా. ఒకరోజు ఒకటో తరగతి చిన్నది వచ్చి చేతులూపుకుంటూ, మధ్యలో ఏడ్చుకుంటూ, పెద్ద ఉపన్యాసం ఇచ్చింది. ఏం చెప్పిందిరా అంటే మా దుబాసీ నేలచూపులు చూస్తూ "ఏం లేదు సార్" అన్నాడు. తర్వాత వంటక్కని అడిగితే తెలిసింది, దాని గుడ్డు తిన్నది ఈ దుబాసీనే.

ఆ చిన్నదే ఇప్పుడు గుణింతాల్లోకి వచ్చింది. కొమ్ము నేర్పాను. కు, గు, చు, తు అన్నీ పక్కన కొమ్ము పెట్టి చక్కగా రాసింది. ఆవు రాయమన్నాను. "ఆమ" అని రాసింది. నువ్వు ఒకసారి కాగితం మీద రాసి చూడు మామా, 'వ' రాసి మిగతా అక్షరాలకి పెట్టినట్టే పక్కన కొమ్ము తగిలించు, 'మ' వస్తుంది! ప, ఫ, వ లకి కొమ్ము కిందికి దింపాలని మనకి ఎప్పుడు ఎవరు చెప్పారో గుర్తుందా? నాకైతే లేదు. అది నేర్పిన రూలు ప్రకారమే రాసింది, దానికి ఇంటు పెట్టడానికి చెయ్యి రాలేదు. పక్కన ఆవు బొమ్మ కూడా వేసింది, అయిదు కాళ్లతో. అయిదోది తోక అని తర్వాత చెప్పింది, తెలుగులోనే చెప్పింది.

2023 ఆగస్టులో ఎస్‌జీటీ పోస్టులకి, అంటే ప్రాథమిక బడి టీచరు పోస్టులకి, బీఎడ్ చెల్లదని సుప్రీంకోర్టు అన్నప్పుడు నువ్వు ఎంత తిట్టుకున్నావో నాకు గుర్తుంది. తర్వాత 2024 డీఎస్సీలో నీకు హైస్కూల్లో ఎస్ఏ (స్కూల్ అసిస్టెంట్) పోస్టు వచ్చింది, నాకు ఎస్‌జీటీ, ఇద్దరం ఎల్బీ స్టేడియంలో నియామక పత్రాలు తీసుకున్నాం కాబట్టి ఆ గొడవ అక్కడితో పోయింది. కానీ ఇప్పుడు చెబుతున్నా, ఆ తీర్పు నాకు సరైనదే అనిపిస్తుంది. నువ్వు నాకంటే తెలివైనవాడివి, అందులో అనుమానం లేదు, కానీ ఇరవై పది అన్న పిల్లని చూసి నీకు కోపం వస్తుంది. (డీఎడ్‌లో మాకు మాత్రం ఇవన్నీ నేర్పారా అంటే, పిడికిలి బిగించి పెన్సిల్ పట్టుకునేవాడి వేళ్లు ఎలా విప్పాలో ఏ లెక్చరరూ చెప్పలేదు. అది వేరే సంగతి.)

ఇక అసలు తలనొప్పి హాజరు. శ్రావణంలో తీజ్ వస్తే తొమ్మిది రోజులు అక్కలు బుట్టల్లో గోధుమ మొలకలు పెంచుతారు, వాటి చుట్టూ వీళ్లు. తర్వాత బతుకమ్మ, దసరా సెలవులు. సెలవులయ్యాక వస్తే గుణింతాలు గోవిందా, మళ్లీ తలకట్టు దగ్గర్నుంచి మొదలు. ఆ వెంటనే పత్తి. పత్తి ఏరడానికి తల్లి పోతే చంటిదాన్ని ఎవరు చూడాలి? రెండో తరగతి అక్క చూడాలి. నేను ఇంటికి వెళ్లి అడిగితే, "రేపు పంపుతం సార్" అంటారు, చాయ్ ఇస్తారు, రేపు పంపరు. వాళ్లని ఏమనాలి చెప్పు, కూలి కిలోల లెక్కన. చివరికి చంటిదాన్ని కూడా ఎత్తుకుని రమ్మన్నాను. ఇప్పుడు నా క్లాసులో రిజిస్టర్లో లేని ఒక మనిషి ఉంది, గోనెపట్టా మీద పడుకుని సుద్దముక్కలు తింటుంది, మేస్త్రీ దాన్ని చూసుకోవడంలో బిజీగా ఉండి మా మీద అజమాయిషీ తగ్గించాడు.

తొలిమెట్టు అని చిన్న తరగతులకి చదవడం, లెక్కలు గట్టిపరిచే సర్కారు కార్యక్రమం ఉంది కదా, దాని రికార్డులో మాత్రం ప్రతి పిల్లా ఏ స్థాయిలో ఉందో రాయాలి, ధారాళంగా చదువుతుందా, తడబడుతుందా, అక్షరాల దగ్గరే ఉందా అని. 2022లో పెట్టినప్పటి ఆలోచన మంచిదే, నేను కాదనను, ఎవరెక్కడున్నారో తెలియకుండా మూడో తరగతి పుస్తకం పట్టుకుని పోవడం కంటే నయం. కానీ శుక్రవారం చదివిన పిల్ల సోమవారం తడబడుతుంది, నేను ఏ రోజుది రాయాలి?

అన్నిటికంటే కడుపు మండింది ఒకటుంది. మూడో తరగతిలో ఒక పిల్లాడు, జూన్‌లో వత్తులు రానివాడు, నవంబరుకి కథ మొత్తం ఆగకుండా చదివి పక్కవాళ్లకి చదివి వినిపించే దాకా వచ్చాడు. నాలుగు రోజుల తర్వాత వాళ్ల నాన్న వచ్చాడు. చేతిలో స్వీట్ బాక్స్. "సార్, మీరు మంచిగ చెప్పిన్రు. పోరడు మంచిగ చదువుతుండు. అందుకే టౌన్ల కాన్వెంటుకు ఏస్తున్న, టీసీ ఇయ్యున్రి." ఏం మాట్లాడతావు చెప్పు? చదవకపోతే సర్కారు బడి వల్ల అంటారు, చదివితే సర్కారు బడిలో ఎందుకు అంటారు. స్వీట్లు మాత్రం పిల్లలందరం తిన్నాం. ఇప్పుడు పొద్దున పచ్చ వ్యాను పోయేటప్పుడు కిటికీలోంచి వాడు "సార్" అని అరుస్తాడు, వీళ్లంతా గేటు దాకా పరిగెత్తి చేతులూపి వస్తారు, ఆ రోజుకి ప్రార్థన అయిదు నిమిషాలు ఆలస్యం.

నవ్వుకునే ముచ్చట కూడా ఒకటి చెప్పాలి. ఫోన్లో మొహం చూపించి హాజరు వేసుకోవాలి కదా, మా బడిలో సిగ్నల్ వేపచెట్టుకి తూర్పు పక్కన మాత్రమే, అదీ చెయ్యి పైకెత్తితే వస్తుంది. నవంబరు 14న స్వపరిపాలన పెట్టాం. అయిదో తరగతి వాడొకడు నా వేషం. ఇన్‌షర్టు వేసి, జేబులో రెండు పెన్నులు పెట్టి వచ్చాడు. నేరుగా క్లాసుకి వెళ్తాడనుకున్నా. వెళ్లలేదు. చెట్టు కిందికి వెళ్లి, కంపాస్ బాక్స్ మూత పైకెత్తి, మొహం చిట్లించి, చుట్టూ తిరిగి, మడమలు పైకెత్తి, మళ్లీ తిరిగి, "ఛీ" అని, అప్పుడు క్లాసుకి వచ్చి "సైలెన్స్" అన్నాడు. పెద్ద మేడం నవ్వి నవ్వి కుర్చీలో కూలబడింది. అంతసేపూ వాడు నవ్వలేదు చూడు, అదీ నటన అంటే.

పెద్ద మేడం అంటే గుర్తొచ్చింది, నీతో పనుంది. 2025 సెప్టెంబరు 1 నాటి సుప్రీంకోర్టు తీర్పు తెలుసుగా, సర్వీసులో ఉన్నవాళ్లు కూడా రెండేళ్లలో టెట్ (టీచర్ల అర్హత పరీక్ష) పాసవ్వాలి, అయిదేళ్లలోపు రిటైరయ్యేవాళ్లు తప్ప. ఆమెకి 52. ఇన్నేళ్లుగా ఈ తండాల్లోనే పలకలు దిద్దించిన మనిషి ఇప్పుడు మధ్యాహ్నం అన్నాలయ్యాక టెట్ గైడ్ ముందేసుకుని కూర్చుంటోంది. అయిదో తరగతి పిల్లలు చూసి "మేడం, మీకు గూడ పరీక్షనా?" అని అడిగారు. అవునంటే వాళ్ల సంతోషం అంతా ఇంతా కాదు, రోజూ ఎంతవరకు చదివిందో అడిగి కనుక్కుంటున్నారు. పెడగాజీ ఆమెకి కొట్టిన పిండి, తనే నాకు చెబుతుంది. టెన్షనంతా లెక్కల్లోనే, అందులోనూ శాతాలు, వడ్డీలు. నన్నడిగితే నేను చెప్పేది నీకు తెలుసు, ఇంటర్లో నీ పేపర్ చూసి పాసైన మొహం.

కాబట్టి వచ్చే రెండో శనివారం ఇటు రా. వచ్చేటప్పుడు మీ హైస్కూల్లో పాత తారీఖుల క్యాలెండర్లు ఉంటే పట్టుకురా, పెద్ద అంకెలవి, కత్తిరించి కార్డులు చేస్తా, రబ్బరు బ్యాండ్లు కూడా ఒక ప్యాకెట్, ఉన్నవన్నీ తెంపేశారు. మేడం లెక్కలు చెప్పమని తనంతట తాను అడగదు, నిన్ను చూడగానే గైడ్ హాజరు పట్టీ కింద దాచేస్తుంది. నువ్వే ఏదో ఒక మాట మీద మొదలుపెట్టు. చక్రవడ్డీ వద్దు, బారువడ్డీతో మొదలుపెట్టు.

నీ
పుల్లల సారు